కొండదారిలో సైకిలు

ఆటోనగర్ నుండి పదిమంది సైకిళ్ళపై కొండపల్లి కోటకు విహారయాత్ర వెళ్ళుచున్నారనుకొందము. చదును నేలపై అందరూ కలసి సాగుదురు. కొండ మొదలుకాగానే కొందరు వెనుకబడుదురు. ఈ చిక్కు విడుటకు చాలకాలము పట్టినది.

1817లో జర్మనీలో డ్రైస్ చేసిన బండికి పెడళ్ళే లేవు. 1885లో ఇంగ్లండున స్టార్లీ వెనుకచక్రమును గొలుసుతో త్రిప్పించినాడు. 1888లో డన్‌లప్ గాలిటైరు తెచ్చినాడు. అయినను కొండ ఎక్కుట కష్టముగనే మిగిలినది.

తరువాత గేర్లు వచ్చినవి. వెనుక పెద్ద పళ్ళచక్రముపై గొలుసు పడినపుడు పెడళ్ళను ఎక్కువసార్లు త్రిప్పవలెను. కాని ఒక్కొక్క తొక్కుడుకు తక్కువ బలము చాలును. పని తగ్గదు, చిన్న వాయిదాలలో చెల్లును. ఇవి వయసు మళ్ళినవారికే తగునని టూర్ ద ఫ్రాన్సు నిర్వాహకుడు దెగ్రాంజ్ ఎగతాళి చేసినాడు. ఆ పందెమున మేటి జట్లకు గేరు మార్చు సాధనము 1937లో గాని అనుమతింపబడలేదు.

నేడు పదిమందియు కలసి కోట చేరగలిగినచో ఆ పుణ్యము ఈ పళ్ళచక్రములదే.