కూడిక గుర్తు చాటున

జావాలో స్ట్రింగ్ ఒకసారి తయారైందంటే ఇక మారదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం కోరి పెట్టుకున్న కట్టడి అది. ఫలానా ఫైలు తెరవొచ్చో లేదో పేరు చూసి తేల్చాక, తెరిచేలోగా ఆ పేరును ఎవరో మార్చేస్తే తనిఖీకి అర్థమేముంది?

భద్రత బాగానే ఉంది. మరి స్ట్రింగ్‌కి ఇంకో ముక్క అతికించాలంటే? పాతదంతా కొత్త చోట కాపీ చేసి, చివర ముక్క చేర్చాల్సిందే. పెళ్లి పిలుపుల జాబితాలో ఒక్క పేరు కలపడానికి జాబితా మొత్తం తిరగరాసినట్టు. పది అక్షరాల ముక్కలు పదివేలు లూప్‌లో ఇలా అతికిస్తే చివరికి చేతికొచ్చేది లక్ష అక్షరాల స్ట్రింగే. దారిలో కాపీ అయ్యేవి మాత్రం సుమారు 50 కోట్లు!

దీనికి మందు 1996 నాటి తొలి విడుదలలోనే ఉంది. పేరు స్ట్రింగ్‌బఫర్. 16 అక్షరాల చోటుతో మొదలై, నిండినప్పుడల్లా 34, 70, 142... ఇలా రెట్టింపుకు కాస్త ఎక్కువగా పెరుగుతుంది. చోటు చాలనప్పుడే పాతదాన్ని కదిలిస్తుంది. కాబట్టి ముక్కలు రాయడం, చోటు మార్చడం రెండూ కలిపినా అదే పని రెండున్నర లక్షల అక్షరాల లోపే తేలిపోతుంది.

అయినా జనం ముక్కలు అతికించే ప్లస్ గుర్తును వదల్లేదు. ఎందుకంటే ఆ గుర్తు కనబడగానే కంపైలరే లోపల బఫర్ పెట్టేది. ఒకే వాక్యంలో నాలుగు ముక్కలు కలిపితే అది చక్కగా సరిపోయేది. లూప్‌లో మాత్రం ప్రతి చుట్టుకూ కొత్త బఫర్ తెరిచి, పాత స్ట్రింగంతా అందులో పోసి, మళ్లీ స్ట్రింగ్‌గా తీసి, బఫర్‌ను పారేసేది. ప్రోగ్రామర్లను తప్పుపట్టడం నాకిష్టం లేదు. అంత ఖర్చు అంత చిన్న గుర్తు వెనక ఉందని ఎవరనుకుంటారు?

బఫర్‌కీ ఒక బరువుంది. రెండు థ్రెడ్‌లు ఒకేసారి రాస్తాయేమోనని ప్రతి చేర్పుకూ తాళం వేసి తీసేది. ఒకే బఫర్‌ను ఇద్దరు నింపే సందర్భాలు నిజానికి అరుదు. 2004లో జావా 5 ఆ తాళం తీసేసి, అవే పద్ధతులతో స్ట్రింగ్‌బిల్డర్‌ను ఇచ్చింది. 2017లో జావా 9 ప్లస్‌ను నడిపించే తీరునే మార్చింది. కానీ కంపైలర్ చూపు ఇప్పటికీ ఒక్కో వాక్యం వరకే. అందుకే లూప్‌కు ముందే బిల్డర్‌ను మనమే తెరవాలి.

విచిత్రం ఏమిటంటే, అదే 2004లో పైథాన్ 2.4 ఇంకో దారి పట్టింది. ఆ స్ట్రింగ్‌ను ఇంకెవరూ పట్టుకుని లేకపోతే, వీలైనంతవరకు ఉన్నచోటే పొడిగించేస్తుంది. అయితే దాన్ని నమ్ముకోవద్దని, ముక్కలన్నీ పోగేసి ‘జాయిన్’ చేయమని పైథాన్ శైలి మార్గదర్శకమే చెబుతుంది.