బాప్తిస్మానికీ పెళ్లికీ మధ్య ఖాళీ: ఒక ఇంగ్లీషు పారిష్‌లో కుటుంబాల వేట

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. పదిహేడో శతాబ్దంలో, ఇంగ్లాండ్‌లో ఒక పల్లెటూరు. రాణి కాదు, జమీందారు కూతురు కాదు, మామూలు రైతుకో కూలికో పుట్టిన అమ్మాయి. ఆమెకి ఏ వయసులో పెళ్లయ్యేది? నేనైతే పద్నాలుగో పదిహేనో అనుకున్నాను. పాతకాలం అంటే బాల్యవివాహాలే కదా అని మన బుర్రలో ఉండిపోయింది.

డెవన్ జిల్లాలో కోలిటన్ అనే ఊరుంది. అక్కడ 1647 నుంచి 1719 మధ్య మొదటిసారి పెళ్లిచేసుకున్న ఆడవాళ్ల సగటు వయసు 29.6 ఏళ్లు. అవును, దాదాపు ముప్ఫై!

ఈ లెక్క తేల్చింది టోనీ రిగ్లీ అనే చరిత్రకారుడు, 1966లో. ఆయన దగ్గర జనాభా లెక్కలు లేవు, ఆధార్ లేదు. ఉన్నదల్లా చర్చి రిజిస్టరు. దాంట్లో పెళ్లి దగ్గర వయసు రాయరు. మరి ఎలా కనుక్కున్నాడు? ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందు పారిష్ అంటే ఏంటో చూద్దాం. ఒక చర్చి, దాని కిందికి వచ్చే ఊరూ పొలాలూ. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌కీ ఒక ఆర్డర్ వేశాడు: జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు వారం వారం ఒక పుస్తకంలో రాయాలి. జనం భయపడ్డారు, ఇది కొత్త పన్ను వెయ్యడానికే అని. (వాళ్ల అనుమానం పూర్తిగా తప్పేం కాదు. 1783లో నిజంగానే ఎంట్రీకి మూడు పెన్నీల పన్ను వేశారు, 1794 దాకా నడిచింది. బీదవాళ్లకి మినహాయింపు.)

మొదట్లో చాలాచోట్ల మామూలు కాగితం మీదే రాశారు. 1598లో పాతవన్నీ తోలుతో చేసే పార్చ్‌మెంట్ పుస్తకాల్లోకి ఎక్కించమన్నారు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచీ. ఆ "ముఖ్యంగా" అన్న మాట పట్టుకుని చాలామంది అంతకు ముందు ఇరవై ఏళ్లూ వదిలేశారు! అందుకే ఎన్నో ఊళ్ల రిజిస్టర్లు 1558లోనే మొదలవుతాయి. కోలిటన్‌ది మాత్రం 1538 నుంచీ ఉంది. అదే 1598 ఆర్డర్‌లో ఏటా ఒక కాపీ బిషప్‌కి పంపాలని కూడా ఉంది. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్. బ్యాకప్ లేకపోతే ఏమవుతుందో అదే డెవన్ చూపిస్తుంది: జిల్లావాళ్ల పాత వీలునామాలు ఎక్సెటర్‌లో ఒకేచోట పెట్టారు, 1942 మేలో జర్మన్ బాంబులకి చాలావరకు కాలిపోయాయి.

ఇప్పుడు రిగ్లీ పద్ధతి. లూయీ ఆన్రీ అనే ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త దగ్గర్నుంచి తీసుకున్నది. ప్రతి బాప్తిస్మం, పెళ్లి, ఖననం విడివిడిగా రాసుకుని, ఒక్కో కుటుంబానికి ఒక్కో ఫారం నింపుకుంటూ వెళ్లడం. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది: ఇది మూడు టేబుల్స్ జాయిన్ చెయ్యడమే. కాకపోతే ప్రైమరీ కీ లేదు! ఊళ్లో సగంమంది జాన్‌లు, విలియమ్‌లు, మేరీలు. ఇంకో చిక్కు ఏంటంటే, ఒక బిడ్డ చనిపోతే తర్వాత పుట్టిన బిడ్డకి అదే పేరు పెట్టేవాళ్లు. కాబట్టి ఒకే తండ్రికి ఇద్దరు జాన్‌లు కనిపిస్తే, మొదటివాడి ఖననం వెతకనిదే పెళ్లి ఏ జాన్‌దో తేల్చకూడదు.

తేదీల గొడవ ఒకటి. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. 1700 ఏప్రిల్‌లో బాప్తిస్మం అయిన పాప, 1700 ఫిబ్రవరిలో ఖననం అయినట్టు ఉంటుంది. పుట్టకముందే పోయిందా? లేదు, ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1701. ఇది తెలియకపోతే వంశవృక్షం అంతా తప్పు.

సరే, పెళ్లి దొరికింది. ఇరవై, ముప్ఫై ఏళ్లు వెనక్కి వెళ్లి ఆ అమ్మాయి బాప్తిస్మం వెతుకుతారు. దొరికితే తేడా కడితే వయసు వచ్చేసింది. దొరకకపోతే? ఆమె వేరే ఊళ్లో పుట్టి ఉండొచ్చు. అంతే, లెక్కలోంచి బయటికి. అంటే 29.6 అనేది చాలావరకు పుట్టిన ఊళ్లోనే పెళ్లిచేసుకున్న వాళ్ల సగటు అన్నమాట. రిగ్లీ ఇంకో మాట కూడా అన్నాడు, 1645-46 ప్లేగులో ఊరు సుమారు అయిదోవంతు జనాన్ని పోగొట్టుకున్నాక, దంపతులు కావాలనే పిల్లల్ని తగ్గించుకున్నారని. దీనిమీద తర్వాత గట్టిగా వాదనలు జరిగాయి. అప్పట్లో రిజిస్టరే సరిగా రాయలేదేమో అన్నవాళ్లున్నారు. నాకు ఆ అనుమానం సబబుగానే అనిపిస్తుంది. ఆలస్యంగా పెళ్లి అన్నది మాత్రం నిలబడింది. 1997లో 26 పారిష్‌ల మీద ఇదే పద్ధతిలో వచ్చిన పెద్ద పుస్తకంలో కూడా ఆడవాళ్ల పెళ్లి వయసు ఇరవైల మధ్యలోనే తేలింది.

ఎందుకు అంత ఆలస్యం? పెళ్లంటే వేరు కాపురం. దానికి డబ్బు కూడబెట్టుకోవాలి. టీనేజీలోనే ఇల్లు వదిలి రైతుల ఇళ్లలో ఏడాది లెక్కన పనికి కుదిరేవాళ్లు. ఈ ఏడు ఈ ఊరు, వచ్చే ఏడు పక్క ఊరు. కోలిటన్‌లో దీనికి తోడు లేసు అల్లిక ఉంది. అందువల్ల ఆడవాళ్లు ఊళ్లో ఎక్కువ, మగవాళ్లు తక్కువ అని పామెలా షార్ప్ ఈ ఊరి మీద రాసిన పుస్తకంలో చూపించింది.

ఇప్పుడు అసలు సమస్య చూడండి. బాప్తిస్మం ఒక లైను. పాతికేళ్ల తర్వాత పెళ్లి ఇంకో లైను. మధ్యలో ఆ మనిషి ఎక్కడుంది, ఎవరి దగ్గర పనిచేసింది, ఏం జీతం? రిజిస్టర్‌లో ఒక్క ముక్క ఉండదు. మధ్యతరగతి రైతు కూతురైతే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. కానీ ఆమె బీదదైతే దొరికే అవకాశం ఉంది! వింతగా ఉంది కదా?

కారణం డబ్బు. 1601 చట్టం ప్రకారం ఏ పారిష్ పేదల్ని ఆ పారిషే పోషించాలి. 1662లో ఇంకో చట్టం: కొత్తగా వచ్చినవాళ్లు భారం అవుతారనిపిస్తే వాళ్ల సొంత పారిష్‌కి పంపెయ్యొచ్చు. మరి సొంత పారిష్ ఏది? తర్వాతి చట్టాల్లో ఒక రూల్, పెళ్లికానివాళ్లు ఒకచోట పూర్తిగా ఏడాది పనిచేస్తే అదే వాళ్ల ఊరు. అది తేల్చడానికి మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి ప్రమాణం చేయించి అడిగేవాళ్లు. ఎక్కడ పుట్టావు, మొదట ఎవరి దగ్గర కుదిరావు, ఎన్నాళ్లు, ఎంతకి. గుమాస్తా అంతా రాసుకునేవాడు. చదువురాని కూలి మనిషి జీవితకథ, కింద సంతకం బదులు ఒక గీత.

ఆ కథ రాసింది ప్రేమతో కాదు, ఎవరి నెత్తిన రుద్దాలా అని. అందుకే జాగ్రత్తగా చదవాలి. కొందరు రైతులు ఏడాది పూర్తవకుండా 51 వారాలకే కుదుర్చుకునేవాళ్లు, ఆ మనిషి భారం ఊరి మీద పడకూడదని. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకి పుట్టిన ఊరే సొంత ఊరు కాబట్టి, నిండు గర్భిణిని కాన్పు లోపలే పొలిమేర దాటించేవాళ్లు. అలాంటి బిడ్డ బాప్తిస్మం ఎక్కడో సంబంధం లేని ఊళ్లో దొరికితే ఆశ్చర్యపోకండి.

పెళ్లయిన ఆడమనిషికి భర్త ఊరే సొంత ఊరు. భర్త పోయి, చేతిలో డబ్బు లేకపోతే, ఆమెనీ పిల్లల్నీ ఆ ఊరికి పంపేవాళ్లు, ఆమె ఎప్పుడూ కాలుపెట్టని ఊరైనా సరే. కాబట్టి మీరు వెతికే విధవరాలి ఖననం ఆమె బతికిన ఊళ్లో కనిపించకపోతే, తర్వాత తెరవాల్సింది ఆమె భర్త సొంత ఊరి రిజిస్టరు.