తెలుగున మహిళాధ్యయనము: పూర్వరంగము, ఫలము

మహిళాధ్యయనము పాశ్చాత్యదేశములనుండి దిగుమతి యైన శాస్త్రమనియు, తెలుగు శాఖలలో పనిచేయువారికి దానితో నిమిత్తము లేదనియు తలచువారు మనలో నేటికిని కలరు. మేమును కొంతకాలము అట్లే తలచితిమి. పేరు విషయమున ఆ తలంపు కొంత నిజమే. ఈ పేరుతో డిగ్రీస్థాయి పాఠ్యక్రమము అమెరికాలోని శాన్ డియాగో కళాశాలలో 1970లో మొదలైనదని సాధారణముగా చెప్పుదురు. కాని పని వేఱు, పేరు వేఱు. ఆ పని తెలుగునాట అంతకు దాదాపు డెబ్బదియేండ్లకు పూర్వమే ఆరంభమైనది. ఆరంభించినవారికి విశ్వవిద్యాలయప్రవేశము లేదు.

భండారు అచ్చమాంబగారు (1874-1905) బడికి పోయి చదివినవారు కారు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆ చెంతనే చదువు నేర్చిరి. 1901లో, వీరేశలింగము పంతులుగారి ప్రోత్సాహమున, ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువడినది. స్త్రీలు స్వభావముచేతనే బలహీనులు, బుద్ధిహీనులు అను నింద నిరాధారమని చరిత్రనుండి నిదర్శనములు చూపుట ఆ గ్రంథోద్దేశము. గ్రంథము పేరులోని 'అబల' శబ్దమును లోపలి చరిత్రలే ఖండించుచున్నవి. ఇందు మేము ముఖ్యముగా గమనింపవలసినది ఆమె పద్ధతి. తాను కాదనదలచిన సామాన్యాభిప్రాయమునకు ఎదురుగా ఆమె వాదమును గాక ఆధారములను నిలిపినది.

ఇంతకంటె క్లిష్టమైనది ముద్దుపళని విషయము. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరి ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానమున నుండిన ఈమె 'రాధికాసాంత్వనము' రచించెను. ఆ కావ్యమును 1887లో పైడిపాటి వెంకటనరసుగారు అచ్చువేసిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ ప్రతిని వ్రాతప్రతితో సరిచూచి, అచ్చుప్రతి అసమగ్రమని గుర్తించిరి. కొన్ని పద్యములతో పాటు అందు లోపించినది, కవయిత్రి తన అవ్వ, మేనత్త మొదలగు స్త్రీల వరుసలో తన్ను తాను నిలుపుకొన్న పీఠికాభాగము! గ్రంథపరిష్కరణము నేర్పువారమైన మేము ఇచట కొంచెము నిలువవలెను. ఏ పద్యమెందుకు జాఱినది యను ప్రశ్న మాకు క్రొత్తది కాదు. లేఖకదోషమో, పురుగుతిన్న తాటాకో, సంకలనకర్త అభిరుచియో కారణముగా చూపుదుము. కాని ఆడవారి వంశక్రమమును చెప్పు భాగమే జాఱిపోవుటను నాగరత్నమ్మగారికి పూర్వము ఎవరును ప్రశ్నగా ఎత్తుకొనలేదు. ఆమె సంగీతవిదుషి, దేవదాసీ కులమున పుట్టినది. తన ముందుతరముల స్త్రీని గుర్తుపట్టగల కన్ను ఆమెకుండుట సహజము.

1910లో వావిళ్ల వారు ఆమె పరిష్కరణమును ప్రకటించిరి. వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యమును ఒప్పుకొనుచునే ఆమె నడవడిని దూషించి, కావ్యములోని శృంగారము స్త్రీలు వినదగినది కాదనిరి. అశ్లీలతావిచారము ఆడుదాని రచనకే గాని మగవారి రచనకు లేదా యని నాగరత్నమ్మగారు తమ పీఠికలో అడిగిరి. 1911 మొదలు ఆ గ్రంథము ప్రభుత్వ నిషేధమునకు లోనైనది. టంగుటూరి ప్రకాశము పంతులుగారి చొరవతో 1947లో నిషేధము తొలగినది. అచ్చమాంబగారిని ప్రోత్సహించినవారును, ముద్దుపళనిని నిరసించినవారును ఒక్క పంతులుగారే యనుట మఱవరాదు. దీనిని వారి వ్యక్తిగతదోషముగా చిత్రించుట సులభమే కాని, అది చరిత్ర కాదు. సంస్కరణోద్యమము ఏ స్త్రీని ఆదరించినది, ఏ స్త్రీని గడప వెలుపల నిలిపినది అనునదే ఇచట చూడవలసిన విషయము. గృహిణికి విద్య కావలెనన్న వాదమే కళావంతురాలి విద్యను అనుమానించినది.

ఊటుకూరి లక్ష్మీకాంతమ్మగారి 'ఆంధ్ర కవయిత్రులు' 1953లో వచ్చినది. అదియును విద్యాసంస్థల వెలుపలి కృషియే.

ఇక విశ్వవిద్యాలయములు ఈ పనిలోనికి వచ్చిన విధము వేఱు. 1971లో కేంద్రప్రభుత్వము నియమించిన స్త్రీల స్థితిగతుల కమిటీ 1974 చివర 'సమానత్వము వైపు' అను నివేదికను ముగించినది. 1901లో వేయిమంది పురుషులకు 972గా నుండిన స్త్రీల సంఖ్య 1971 నాటికి 930కి దిగుట అందు చూపబడినది. స్వాతంత్ర్యానంతరము స్త్రీల స్థితి తనంతట తానే మెఱుగగుచున్నదని నమ్మియున్న విద్యావంతులకు ఈ అంకెలు దెబ్బవంటివి. బొంబాయిలోని స్త్రీల విశ్వవిద్యాలయమున పరిశోధనశాఖ 1974లోనే వెలసినది. మొదటి జాతీయ మహాసభ 1981లో, దాని ఫలముగా భారతీయ సంఘము 1982లో ఏర్పడినవి. 1986 జాతీయ విద్యావిధానము తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘము కేంద్రములను స్థాపింప నారంభించినది. తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983 నాటిది.

హైదరాబాదున జరిగిన కృషి మాకు ఇంకను దగ్గఱిది. స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణ సాయుధపోరాటమున (1946-1951) పాల్గొన్న స్త్రీలను వెదకి, వారి మాటలను ధ్వనిముద్రణము చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'ను ప్రకటించిరి. మల్లు స్వరాజ్యము, మోటూరి ఉదయముగార్ల వంటి నాయకురాండ్ర మాటలతో పాటు, పేరెన్నిక లేని వారి మాటలును అందు కలవు. తుపాకి పట్టినందుకు పొగడ్త, పోరాటము ముగిసినంతనే ఇంటికి పొమ్మన్న ఆజ్ఞ, దళములలో బిడ్డను కన్నవారి కష్టము: పార్టీచరిత్రలలో కానరాని ఈ సంగతులు మాండలికముననే నిలిచినవి. వానిని ప్రమాణభాషలోనికి దిద్దినచో సాక్ష్యమే మాఱును. ఇది భాషాశాస్త్రవిద్యార్థికిని పాఠమే. తరువాత సూసీ తారు, కె. లలితగార్లు సంపాదకులుగా భారతీయ స్త్రీల రచనల ఆంగ్లసంకలనము 1991, 1993లలో రెండు సంపుటములుగా వెలువడినది. ముద్దుపళని కథ తెలుగేతరులకు తెలిసినది ముఖ్యముగా దానివలననే.

మా తప్పొకటి ఇచట చెప్పుకొనవలెను. 1910 నాటి గురజాడవారి 'దిద్దుబాటు'యే తొలి తెలుగు కథానిక యని మేము చాల ఏండ్లు తరగతిలో సందేహము లేక చెప్పితిమి. 1902లో 'హిందూసుందరి' పత్రికలో అచ్చమాంబగారి 'స్త్రీవిద్య', 'ధనత్రయోదశి' అచ్చైనవని తెలిసిన పిదపను, అవి సంవాదములా కథలా యను చర్చలోనికి దిగి తప్పించుకొంటిమి. శిల్పవిచారము చేయవలసినదే. ఐతే ఆ కొలతబద్దను దిద్దుబాటు పక్షముననే తయారుచేసికొని దానితో అచ్చమాంబగారిని కొలుచుట న్యాయము కాదని ఒక విద్యార్థిని మాకు తరగతిలోనే చూపినది. ఆమెయే తరువాత మహిళాధ్యయనమున చేరదలచి, "మా నాన్నగారు దీనివలన ఏమి ఉద్యోగము వచ్చునని అడుగుచున్నారండీ" యని మమ్ము అడిగినది.

ఆ తండ్రి ప్రశ్న తేలికది కాదు. అధ్యాపకపదవికి జాతీయ అర్హతాపరీక్షలో ఇది ప్రత్యేకవిషయముగా కలదు. కాని పదవులు తక్కువ. కేంద్రములు పంచవర్షప్రణాళికలకు ముడివడిన పథకములు గనుక, 2017లో పండ్రెండవ ప్రణాళిక ముగియుటతో వానిలో పనిచేయువారికి దిగులు పట్టుకొన్నది. ఈ సంగతి దాచి విద్యార్థులను చేర్చుకొనుట మోసము. వెలుపల దారులు కలవు. 2005 నాటి గృహహింసా నిరోధకచట్టము క్రింద రక్షణాధికారులు కావలెను. 2013 చట్టము ప్రకారము పనిచోట్ల ఫిర్యాదుల సంఘములలో స్త్రీసమస్యలు తెలిసిన వెలుపలి సభ్యులు ఉండవలెను. పంచాయతీ సభ్యురాండ్రకు శిక్షణము, పత్రికారచన, స్వచ్ఛందసంస్థల పరిశోధన మొదలగునవి సరేసరి. 1992లో నెల్లూరు మండలపు దూబగుంటలో అక్షరములు నేర్చిన స్త్రీలు సారాదుకాణమును మూయించిన సంగతి చదివినవారికి, వయోజనవిద్యకును రాజ్యవ్యవహారమునకును గల సంబంధము వేఱుగా బోధింప నక్కఱలేదు.

తెలుగు చదివినవారికి వీనికి తోడు ఇతరులు చేయలేని పని యొకటి కలదు. హిందూసుందరి, పులుగుర్త లక్ష్మీనరసమాంబగారి సావిత్రి, గృహలక్ష్మి మొదలగు పత్రికల పాతసంచికలను చదివి, వ్రాసినవారెవరో తేల్చుట అట్టిది. ఆ విద్యార్థిని తుదకు చేరినది. తండ్రి పూర్తిగా ఒప్పుకొనలేదు. మొన్న ఆమె మాకు చూపిన పట్టికలో పేర్లకంటె ప్రశ్నార్థకములే ఎక్కువ. ఒక చోట ఇంటిపేరు లేదు, ఒక చోట భర్తపేరు మాత్రమే కలదు, ఇంకొక చోట 'ఒక సోదరి' యని మాత్రమే కలదు. పుట్టినింటి పేరుతో కొమఱ్ఱాజు వారి యాడపడుచైన అచ్చమాంబగారు మెట్టినింటి పేరుతో భండారు వారైరి. ఆమె విషయమున ఆ రెండును మనకు తెలియును. పట్టికలోని తక్కినవారి విషయమున పెండ్లికి ముందు ఒక పేరుతో వ్రాసిన యామెయు, తరువాత వేఱొక పేరుతో వ్రాసిన యామెయు ఒక్కరే యగుదురేమోనని ఊరూరి గ్రంథాలయములలో వెదకవలసియున్నది. వచ్చు వేసవికి వేటపాలెము సారస్వతనికేతనమునకు పోవుటకు ఆమె అనుమతిపత్రము అడిగినది. వ్రాసి యిచ్చితిమి.