టి-టాప్ పైకప్పుల నుండి నీరు కారుట

'''టి-టాప్ పైకప్పుల నుండి నీరు కారుట''' అనేది ఊడదీయగల పైకప్పు పలకలు గల పాత స్పోర్ట్స్ కార్లలో తరచుగా కనిపించే లోపము. వాన కురిసినప్పుడు గాని, కారును కడిగినప్పుడు గాని పలకల అంచుల గుండా నీరు లోపలికి చేరుతుంది. రబ్బరు పాతబడడమే దీనికి కారణమని సాధారణంగా భావిస్తారు. కాని అసలు మూలం పైకప్పును కోసిన తీరులోను, కారు దేహం వంగే గుణంలోను ఉన్నది. అందువలన కొత్త రబ్బరు వేసిన తరువాత కూడా కొన్ని కార్లలో నీరు కారడం ఆగదు. ఈ లోపానికి బాగా పేరుపొందిన ఉదాహరణ 1968 నుండి 1982 వరకు తయారైన మూడవ తరం షెవర్లే కార్వెట్.

== నిర్మాణము ==
టి-టాప్ కారులో ముందు అద్దం చట్రం నుండి వెనుక కమాను వరకు పైకప్పు మధ్యగా ఒక కడ్డీ ఉంటుంది. దానికి ఇరువైపులా ఒక్కొక్క పలక అమరుతుంది. పై నుండి చూస్తే కడ్డీ, చట్రం కలిసి ఆంగ్ల అక్షరం 'టి' వలె కనిపిస్తాయి. మధ్య కడ్డీ లేకుండా ఒకే పలక ఉంటే దానిని టార్గా పైకప్పు అంటారు. ఈ పేరు సిసిలీ ద్వీపంలో జరిగిన టార్గా ఫ్లోరియో పందెం నుండి వచ్చినది.

== చరిత్ర ==
అమెరికా కార్ల రూపశిల్పి గోర్డన్ బ్యూరిగ్ 1951లో టి-టాప్‌పై పేటెంటు పొందాడు. 1961లో వచ్చిన బ్రిటిష్ కారు ట్రయంఫ్ టిఆర్4కు ఊడదీయగల పైకప్పు పలకను అదనపు సౌకర్యంగా ఇచ్చారు. పోర్షె సంస్థ 911 టార్గాను 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఆవిష్కరించింది.

1968 కార్వెట్‌కు మొదట ఒకే పలక గల పైకప్పును తలపెట్టారు. అయితే ఫైబర్‌గ్లాస్ దేహం మెలితిరగడం వలన మధ్యలో కడ్డీని చేర్చవలసి వచ్చినది. 1975 తరువాత 1986 వరకు కార్వెట్‌లో కన్వర్టిబుల్ నమూనా లేకపోవడంతో, అంతవరకు పైకప్పు తెరవగల కార్వెట్ కోరినవారు ఊడదీయగల పలకలతోనే సరిపెట్టుకున్నారు. 1976లో పాంటియాక్ ఫైర్‌బర్డ్‌కు కూడా టి-టాప్ వచ్చినది.

== కారణాలు ==
* '''దేహం వంగుట:''' మూసి ఉన్న పైకప్పు కారుకు దూలం వలె బలాన్నిస్తుంది. దానిని కోస్తే ఆ బలం తగ్గుతుంది. గతుకుల రోడ్డుపై పలకకు, చట్రానికి మధ్య గల సందు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఆ మార్పును రబ్బరు అంచు ఎల్లప్పుడూ పూడ్చలేదు.
* '''రబ్బరు అణగిపోవుట:''' ఏళ్ల తరబడి నొక్కుకుపోయిన రబ్బరు తిరిగి ఉబ్బదు. ఎండ, ఓజోన్ దానిని గట్టిపరచి పగుళ్లు తెస్తాయి.
* '''మూలల అతుకులు:''' పైకప్పు పలక, తలుపు అద్దం, ముందు చట్రం కలిసే మూలలో వేర్వేరు రబ్బరు ముక్కలు కలుస్తాయి. నీరు ఎక్కువగా చొరబడేది ఇక్కడే.
* '''చట్రం లేని తలుపు అద్దాలు:''' అద్దం కొద్దిగా బయటికి వాలినా రబ్బరుకు ఆనదు.
* '''పూడుకుపోయిన గాడులు:''' కొన్ని నమూనాలలో రబ్బరును దాటి వచ్చిన నీటిని గాడి పట్టుకొని గొట్టం ద్వారా కిందికి వదులుతుంది. గొట్టంలో ఆకులు, మట్టి చేరితే ఆ నీరు లోపలికే పొర్లుతుంది.

== పర్యవసానాలు ==
తివాచీ తడిసి వాసన రావడం పైకి కనిపించే నష్టం మాత్రమే. కార్వెట్ పైదేహం ఫైబర్‌గ్లాస్ కనుక తుప్పు పట్టదు. కాని దాని లోపల ముందు అద్దాన్ని, తలుపులను మోసే ఉక్కు చట్రం ఉన్నది. దీనిని బర్డ్‌కేజ్, అనగా పక్షి పంజరం, అని పిలుస్తారు. కారిన నీరు ఈ చట్రంలో నిలిచి, ముందు అద్దం మూలలను, తలుపు స్తంభాల అడుగు భాగాలను తినివేస్తుంది. రంగు నిగనిగలాడుతున్న కారులో కూడా లోపలి ఉక్కు శిథిలమై ఉండవచ్చు. కారు బోల్తా పడినప్పుడు భారం మోయవలసినది ఈ చట్రమే కనుక ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. అందుచేత పాత కార్వెట్‌ను కొనేవారు తలుపు ముందరి లోపలి పలకలను విప్పించి స్తంభాలను చూస్తారు.

== గుర్తించుట ==
నీరు పడిన చోటే అది ప్రవేశించిన చోటు కానక్కరలేదు. చట్రం వెంట పారి వేరే చోట చుక్కలుగా రాలవచ్చు. పరీక్షించేటప్పుడు ఒకరు లైటుతో లోపల కూర్చుంటారు. మరొకరు గొట్టంతో నీటిని సన్నగా, మొదట కింది భాగంపై, తరువాత క్రమంగా పైకి పోస్తారు. రబ్బరుకు, అద్దానికి మధ్య కాగితం ముక్క ఉంచి తలుపు మూసి లాగడం మరొక పద్ధతి. కాగితం సులభంగా వస్తే అక్కడ పట్టు లేదని అర్థం.

== మరమ్మతు ==
మొదట నీటి గొట్టాలను శుభ్రపరచాలి. తరువాత తలుపులను, అద్దాలను, పలకల గొళ్లాలను సరైన అమరికకు తేవాలి. చివరగా రబ్బరు అంచులను మార్చాలి. ఈ క్రమం తప్పితే కొత్త రబ్బరు కూడా వంకరగా అణగిపోతుంది. రబ్బరుకు సిలికాన్ గ్రీజు పూయడం మంచిది. పెట్రోలియం గ్రీజు వలన ఇపిడిఎమ్ రకపు రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. సందులను బయటి నుండి జిగురుతో పూడ్చడం తాత్కాలికమే. లోపల చిక్కిన నీరు బయటికి పోయే దారి మూసుకుపోతే తుప్పు మరింత త్వరగా వ్యాపిస్తుంది.