రిబ్కాను పిలిచి అడిగారు

దొంతన్‌పల్లిలోనైనా, ఇటు చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలోనైనా పెద్దలు కుదిర్చే లగ్గానికి మధ్యవర్తి మాటే పునాది. రెండిళ్లూ అతని నోటిని నమ్మాలి. అలాంటి మధ్యవర్తి కథ బైబిల్లో ఆదికాండం 24వ అధ్యాయంలో ఉంది. 67 వచనాలు. ఆదికాండంలో ఇంత పెద్ద అధ్యాయం మరొకటి లేదు. అయినా మధ్యవర్తిగా వెళ్లిన ఆ నౌకరు పేరు అందులో ఎక్కడా రాయలేదు.

అబ్రాహాము భార్య శారా చనిపోయింది. వాళ్ల కొడుకు ఇస్సాకుకు నలభై ఏళ్లు వస్తున్నాయి. ముసలి అబ్రాహాము నౌకరును పిలిచి తన తొడకింద చెయ్యి పెట్టించుకున్నాడు. కనాను పిల్లను చెయ్యొద్దని, తన పుట్టింటి వైపు వెళ్లి సంబంధం తెమ్మని ఒట్టు వేయమన్నాడు. నౌకరు వెంటనే తలూపలేదు. పిల్ల ఇంత దూరం రానంటేనో అని అడిగాడు. రానంటే ఈ ఒట్టు నీకు అంటదన్నాడు అబ్రాహాము. పిల్ల కాదనే వీలు ఆ ఇంటిపెద్ద ఆజ్ఞలోనే ఉంది. ఈ కథలో నా మనసు పట్టింది అక్కడే.

అబ్రాహాము తోబుట్టువు నాహోరు ఊరి బయట సాయంత్రం. పది ఒంటెలు బావి దగ్గర మోకరిల్లాయి. తనకు నీళ్లిచ్చి, అడక్కుండానే ఒంటెలకు కూడా తోడిపోసే పిల్లే ఈ ఇంటికి కోడలు కావాలని నౌకరు దేవుణ్ణి వేడుకున్నాడు. ఆ మాట ముగియకముందే భుజాన కడవతో రిబ్కా వచ్చింది. దాహంతో ఉన్న ఒంటె ఒక్కటే వంద లీటర్ల దాకా తాగగలదు. కడవకు పదిహేను లీటర్లనుకున్నా, పది ఒంటెలకు అరవైసార్లకు పైగా దిగాలి, నింపాలి, ఎక్కాలి. ఆమె పరుగెత్తుతూ పోసింది. అతను నోరు మెదపకుండా చూస్తూ నిలబడ్డాడు.

రిబ్కా వాళ్లింట్లో అతని ముందు అన్నం పెట్టారు. వచ్చిన పని చెప్పందే ముట్టనన్నాడు. సంబంధం ఖాయమయ్యేదాకా పిల్లవాళ్లింట్లో తినని పెద్దలు మన వైపూ ఉన్నారు కాబట్టి ఆ మర్యాద మనకు కొత్తేం కాదు. అన్నీ విన్నాక తండ్రి బెతూయేలు, అన్న లాబాను ఒప్పుకున్నారు. అప్పుడు నౌకరు వెండి, బంగారం, బట్టలు తీసి రిబ్కాకు పెట్టాడు. అన్నకూ తల్లికీ కూడా కానుకలిచ్చాడు. కట్నం కోసం ఆడపిల్ల తండ్రి భూమి అమ్ముకునే చోట ఈ భాగాన్ని గట్టిగా చదివి వినిపించాలి.

తెల్లారి పేచీ వచ్చింది. పది రోజులైనా పిల్లను ఉండనివ్వమన్నారు తల్లీ అన్నా. ఆలస్యం వద్దన్నాడు నౌకరు. అప్పుడు రిబ్కాను పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు. వెళ్తానంది. నిజమే, పెద్దలు ముందురోజే మాటిచ్చేశారు. అయినా ప్రయాణం కదిలింది ఆమె నోటి మాట విన్నాకే.

తర్వాతి తరంలో ఇదే లాబాను ఇంటికి రిబ్కా కొడుకు యాకోబు వచ్చాడు. లాబాను చిన్న కూతురు రాహేలు కోసం ఏడేళ్లు చాకిరీ చేశాడు. పెళ్లి రాత్రి లాబాను ఆమె అక్క లేయాను పంపాడు. రాహేలు కోసం ఇంకో ఏడేళ్లు చాకిరీ చేయించుకున్నాడు. ఆ పెళ్లిళ్లకు ముందు లేయాను గానీ, రాహేలును గానీ పిలిచి అడిగినట్టు ఆదికాండంలో ఒక్క వచనం కూడా లేదు.