ఆసు పోసిన చేయి: నల్లగొండ చిటికి నేతలో స్త్రీ శ్రమ

చేనేత చరిత్రను మగ్గం చుట్టూ రాయడం మనకు పరిపాటి. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నాడె ఆడించే పురుషుడే ఆ చరిత్రలో నేతగాడు. నల్లగొండ ప్రాంతపు చిటికి నేతను పరిశీలిస్తే ఈ చిత్రం సగమేనని తేలుతుంది. మిగిలిన సగం ఆసు దగ్గర ఉంది.

పోలికకు పసిఫిక్ దీవులను చూడవచ్చు. యాప్‌కు తూర్పున ఉన్న ఉలితి, ఫైస్ దీవుల్లో స్త్రీలు అరటినార, మందార జాతి చెట్ల నారతో నడుము మగ్గంపై నేస్తారు. పడుగు ఒక కొసను స్థిరమైన ఆధారానికి బిగించి, రెండో కొసను నేసే మనిషి నడుముకున్న పట్టీకి కడతారు. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే సడలుతుంది. (పాలినేషియాలో చాలాచోట్ల మగ్గమే లేదు, బెరడును కొట్టి వస్త్రం చేసుకున్నారు.) దేహమే మగ్గంలో భాగమైనచోట నేసేది ఎవరన్న ప్రశ్నకు తావు లేదు.

మన గుంట మగ్గంలో పడుగు బిగువును దోనె, గుంజలు మోస్తాయి. దేహానికి ఆ భారం తప్పింది. కానీ చిటికి నేతలో అది మరోచోటికి, మరొకరి మీదికి మళ్లింది. కారణం సాంకేతికమైనది. ఇండోనేషియాలోని సుంబా దీవిలో పడుగును మాత్రమే కట్టి అద్దుతారు. దాన్ని చట్రంపై చాచి కడితే చాలు. మలయ్ భాషలో కట్టడమనే అర్థమున్న ‘ఇకత్’ అనే మాట అటునుంచి వచ్చిందే. పోచంపల్లి, పుట్టపాకల్లో పేకను కూడా కడతారు. నేసేటప్పుడు బొమ్మ చెదరకుండా ఉండాలంటే పేక నూలును చీర పన్నాకు సరిపడే కొలతలో ముందే పేర్చాలి. ఆ పేర్పే ఆసు. ఒకవైపు అర్ధవృత్తంగా అమర్చిన మేకులు, ఎదుట ఒక మేకు. వాటి మధ్య నూలు పట్టిన చేయి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు, నాలుగైదు గంటలు. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. ఈ పని తరతరాలుగా ఇంటి స్త్రీలదే.

తరతరాలన్నా, ఇక్కడ ఈ విద్యకు మనం అనుకునేంత ప్రాచీనత లేదు. చీరాల తేలియా రుమాళ్ల కట్టుబడి పద్ధతి 20వ శతాబ్ది తొలి దశకాల్లో నల్లగొండ పల్లెలకు చేరింది. రుమాలు చీరగా విస్తరించినకొద్దీ ఆసు పని పెరిగింది. పోచంపల్లి ఇకత్‌కు 2004-05లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు వస్త్రానికి వచ్చింది.

ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని గద్వాల నేత వేరు. నూలు చీరకు పట్టు అంచును కలిపే కుప్పడం పద్ధతికి ఆసు అక్కర్లేదు గాని, అక్కడా మగ్గం పక్కన రెండో మనిషి చేయి కావాలి.

2019-20 అఖిల భారత చేనేత గణన 35.22 లక్షల మందిని లెక్కించి, 26.73 లక్షల మందిని నేత కార్మికులుగా, 8.48 లక్షల మందిని అనుబంధ కార్మికులుగా విడదీసింది. నేత కార్మికుల్లో స్త్రీలు 70 శాతానికి పైనే. అందులో పెద్ద వాటా ఈశాన్య రాష్ట్రాలది. నాగా స్త్రీల నడుము మగ్గం అక్కడిదే. ఆసు పోయడం మగ్గానికి ముందు జరిగే పని కనుక అది ‘అనుబంధం’ అవుతుంది. ఈ విభజన నాకు సమంజసంగా తోచదు. పేకలో బొమ్మ నిలిచేది ఆసు కొలతను బట్టే. దాన్ని నేతకు బయట ఉంచితే చిటికి నేతలో మిగిలేది సాదా నేతే.

ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, భుజం నొప్పితో ఆసు పోయలేకపోతున్న తల్లిని చూసి 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించి, దానికి ఆమె పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆసు అనే మాట నేత ఇళ్లు దాటి పత్రికల్లోకి వచ్చింది ఎక్కువగా ఆ యంత్రం వల్లనే, అంటే చేయి విశ్రమించిన తరువాత. చీరకు పట్టే సమయం గంటన్నరకు తగ్గింది. ఆసు మీది నూలుకు గుర్తులు పెట్టి చిటికిలు కట్టే పని మాత్రం ఇంకా చేతులతోనే సాగుతోంది.