జోజప్ప గారి గుడి



పోయిన నెల ఎస్.ఆర్. నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో రెండు రోజులున్నాను. ఒక పూట ఖాళీ దొరికితే మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగి, ఆటోలో గన్‌ఫౌండ్రీ వెళ్లాను, సెయింట్ జోసఫ్స్ కథెడ్రల్ చూద్దామని. మనం యోసేపు అంటాం, కతోలిక సోదరులు జోజప్ప అంటారు. చిన్నప్పుడు మా నాయన "అది ఆర్‌సీఎం వాళ్ల గుడి, లోపలికి పోవద్దు" అనేవాడు. నలభై దాటాక మొదటిసారి పోయాను.

ఆ పేట పేరే ఒక చరిత్ర. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోయించాడు. ఉర్దూలో తోప్ కా సాంచా అనేవారు. తర్వాత ఇటలీ మిలాన్ నుంచి వచ్చిన మిషనరీ గురువులు ఆ పేటలోనే స్థలం సంపాదించారు. 1870లో పునాదిరాయి పడింది. 1875 క్రిస్మస్ నాటికి లోపల ఆరాధన జరుగుతోంది. కానీ ఇప్పుడు మనం చూసి మురిసే ముఖభాగం, అటూ ఇటూ నిలబడ్డ రెండు గంటగోపురాలు అప్పటికి లేవు. అవి 1891కి గాని పూర్తి కాలేదు. ఇటలీ నుంచి అయిదు గంటలు వచ్చి పైకెక్కింది 1892లో. ఫిరంగుల కంచు, గంటల కంచు దాదాపు ఒకటేనట!

ఈలోగా 1886లో హైదరాబాద్ మేత్రాసనం ఏర్పడింది. అంటే గోపురాలు పూర్తి కాకముందే ఇక్కడికి మేత్రాణులు వచ్చారన్నమాట.

మనవాళ్లు గొప్పగా చెప్పుకునే మెదక్ చర్చి మాత్రం? పోస్నెట్ దొరగారు కరువు కాలంలో కూలి దొరకని జనానికి పనీ తిండీ చూపిస్తూ కట్టించారు. 1914లో మొదలుపెడితే 1924 క్రిస్మస్‌కి ప్రతిష్ఠ. దానికీ పదేళ్లు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా ఊరి మందిరం గోడలు లేచి నాలుగేళ్లయింది. పిల్లర్ల మీద ఇనుప ఊచలు తుప్పు పడుతున్నాయి. "పాస్టరుగారూ, పక్క ఊరి వాళ్లు గోపురం లేపేశారండీ" అని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అంటారు. ఆ మాటకు నేను అప్పు చేయబోయిన మాట నిజం.

గుడిలో వెనక బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. సిలువ గుర్తు వేయడం నాకు రాదు, ఊరికే తల వంచాను. ఎవరూ ఏమీ అడగలేదు.

ఊరికి రాగానే పెద్దలను కూర్చోబెట్టి చెప్పాను: ఈ క్రిస్మస్‌కి రేకుల కిందే ఆరాధన. అప్పు వద్దు. ఉన్న చందాతో ముందు కరెంటు వైరింగ్, ఆడవాళ్లకు బాత్రూము.